నిమ్మకాయ కట్టేముందు బ్రేకు చూడాలి

ఒక మంగళవారం ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు నరసింహులు తన ఎర్ర బండిని మా అంగడి ముందు ఆపాడు. ప్రొద్దుటూరులో ఆ వేళకు ఏ మెకానిక్ అంగడి ముందైనా రెండు మూడు బండ్లు ఆగే ఉంటాయి. అందులో వింత లేదు. కానీ ఆ బండి అదే జబ్బుతో మా దగ్గరికి రావడం అది మూడోసారి. ముందు బ్రేకు ఆయిలు డబ్బా కారుతోంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. డిస్కు బ్రేకు ఉన్న బండికి కుడిచేతి హ్యాండిలు మీద, బ్రేకు లివరు పక్కన, ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో బ్రేకు ఆయిలు ఉంటుంది. పైన మూత, మూతకు రెండు స్క్రూలు, మూత కింద పలచని రబ్బరు. లివరు నొక్కితే ఆ ఆయిలు కిందికి తోసుకుపోయి చక్రాన్ని పట్టి ఆపుతుంది. ఆయిలు కారిపోతే లోపలికి గాలి చేరుతుంది. గాలి చేరితే లివరు మెత్తబడుతుంది. అది గమనించకుండా తిరిగితే ఒకరోజు లివరు హ్యాండిలుకు వచ్చి ఆనుకుంటుంది. బండి ఆగదు.

నరసింహులు ఊరు చిలమకూరు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. భార్య జ్యోతికి అప్పుడు ఆరో నెల. పరీక్షలకు ఆమెను ఆ బండి మీదే ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకొస్తుండేవాడు.

"మామా, నిన్న పెన్న బ్రిడ్జి కాడ ముందర నాపరాళ్ల ట్రాక్టరు నిలబడిపాయ. లివరు పడితే చేతిలోకి వచ్చేసింది. ఎనక బ్రేకుతో ఎట్లనో ఆపినా. జ్యోతి ఎనకాల కూచోనుండె," అన్నాడు.

ఈ మాట మా యజమాని ఖాదర్ వలీతో చెప్పాడు. నా వైపు చూడలేదు. అంతకుముందు రెండుసార్లు ఆ బ్రేకు బాగు చేసింది నేను.

"ఇంగోసారి ఇట్లైతే బండి అమ్మేయమంటాంది మాయమ్మ. అమ్మితే నేను షిఫ్టుకు దేంట్లో పోవల్ల?"

ఖాదర్ వలీ డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏం సుబ్బయ్యా, నీ పుస్తకాల్లో దీన్ని గురించి ఏమన్నా రాసినారా?" అని అడిగాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను శాఖా గ్రంథాలయానికి పోయి కూర్చునేవాణ్ణి. అది ఆయనకు నాతో పని చేసినంత కాలం పనికొచ్చిన హాస్యం.

దుమ్ము చూసి ఊరు చెప్పడం

ఖాదర్ వలీ కొన్నేళ్ళు కువైట్లో ఒక గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. ఎందుకు తిరిగి వచ్చావని అడిగితే, "ఆడ అన్ని బండ్లకూ ఒగటే ఇసకప్పా. బండి ఏ ఊరిదో తెలీదు. ఊరు తెలీని బండికి ఏం వైద్యం చేస్తాం?" అనేవాడు.

నవ్వులాటకు అన్న మాటే అయినా అందులో పని ఉంది. కలమల్ల నుంచి వచ్చే బండి మీద కరెంటు ఫ్యాక్టరీ బూడిద ఉంటుంది. చిలమకూరు బండి మీద సిమెంటు. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చేవాటి మీద నాపరాళ్ళ పొడి. పులివెందుల వైపు చీనీ, అంటే బత్తాయి తోటల నుంచి వచ్చే బండికి చక్రాల సందుల్లో ఎర్రమన్ను ఎండి గట్టిపడి ఉంటుంది. ఈ దుమ్ము మెకానిక్‌కు శత్రువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సాక్షి. ఆయిలు ఎక్కడ కారితే అక్కడ దుమ్ము ముద్దై అంటుకుంటుంది. ఆ ముద్దను పట్టుకుని పైకి పోతే లీకు దొరుకుతుంది. మీ దగ్గరికి బండి రాగానే నీళ్ళు కొట్టి కడిగే కుర్రవాడు ఉంటే, ముందు వాడి చేతిలో నుంచి పైపు తీసుకోండి.

నరసింహులు బండి విషయంలో ఆ సాక్షి లేడు. మూడుసార్లూ అతడు బండిని తళతళా కడుక్కుని వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడి బండి పెండ్లికొడుకులాగా వస్తే అనుమానించాల్సింది. నేను మెచ్చుకున్నాను.

పౌడరు డబ్బా

దుమ్ము లేనప్పుడు ఖాదర్ వలీ పౌడరు వాడేవాడు. ముఖానికి రాసుకునే మామూలు పౌడరే. కారుతున్న చోటును గుడ్డతో పొడిగా తుడిచి, పౌడరు చల్లి, లివరు పదే పదే నొక్కేవాడు. ముందుగా ఎక్కడ తడిసి రంగు మారితే అక్కడే లీకు. ఇంతకంటే మంచి పద్ధతి నేను ఇప్పటికీ చూడలేదు. బొమ్మ ఉన్న పౌడరు డబ్బా స్పానర్ల మధ్య కనబడేది కాబట్టి, పక్కన టీ అంగడి పెద్దాయన మాత్రం మా యజమానికి సోకులు ఎక్కువని చాలాకాలం నమ్మాడు. ఖాదర్ వలీ ఆ అపోహ పోగొట్టలేదు. అప్పుడప్పుడూ టీ తాగడానికి పోయేముందు చెంపకు కొంచెం పూసుకుని పోయేవాడు.

డబ్బా కారడానికి కారణాలు చాలా లేవు. రబ్బరు మడత పడి ఉండవచ్చు. మూత వంగి ఉండవచ్చు. పిల్లలు, అంటే మీరే, స్క్రూను బలంకొద్దీ తిప్పి మర పాడు చేసి ఉండవచ్చు. లివరు వెనక ఉండే లోపలి రబ్బరు అరిగి ఉండవచ్చు. కిందికి పోయే గొట్టం బిగింపు వదులై ఉండవచ్చు. లేదా బండి యజమాని తెలివి.

యజమాని తెలివికి ఒక ఉదాహరణ చెబుతాను. తొండూరు నుంచి ఒక చీనీ తోట రైతు వచ్చాడు. బ్రేకు పట్టుకుంటే వదలడం లేదు. మూత తీస్తే లోపలి నుంచి తాలింపు వాసన వచ్చింది.

"దీంట్లో ఏం పోసినావన్నా?"

"ఆయిలు తగ్గింటే పోసినా."

"ఏ ఆయిలు?"

"మంచిదేలేప్పా. ఇంట్లో గానుగ పట్టిచ్చింది. చెనక్కాయ నూనె."

నూనె తగిలి లోపలి రబ్బర్లన్నీ వడల్లాగా ఉబ్బిపోయాయి. ఇవి మార్చాలని చెబితే ఆయన బాధపడ్డాడు. రబ్బర్లకు కాదు. "బజార్లో కల్తీ నూనె పోసుంటే ఒప్పుకుందును," అన్నాడు. ఆ బండికి రబ్బర్లు మార్చినంతసేపూ మాకు ఆకలి వేసింది.

ఇలాంటివాళ్ళ మీద నేను కోప్పడను. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతారు. కష్టమంతా చెప్పనివాళ్ళతోనే.

ఇంకొకరి చెయ్యి

మొదటిసారి నరసింహులు బండికి రబ్బరు మార్చాను. రెండోసారి మూత కూడా మార్చాను. రెండుసార్లూ పౌడరు చల్లి చూశాను. బొట్టు కారలేదు. రెండు వారాలు గడిచేసరికి మళ్ళీ వచ్చాడు.

మూడోసారి రెండు విషయాలు కనిపించాయి. మొదటిది, పెట్రోలు ట్యాంకు కుడివైపు రంగు బొబ్బలు లేచి ఊడుతోంది. బ్రేకు ఆయిలు రంగు మీద పడితే ఊరుకోదు. ఒలిచేస్తుంది. మీ చేతిలో ఎప్పుడైనా ఒలికితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోసి కడగాలి. అయితే డబ్బా హ్యాండిలు చివర, ట్యాంకుకు పక్కగా దూరంగా ఉంటుంది. కారితే ఆయిలు లివరు మీద పడాలి, మోకాలి మీద పడాలి. ట్యాంకు మీద అక్కడొక చుక్క ఇక్కడొక చుక్కగా, పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు ఎలా పడుతుంది?

రెండోది, మూత స్క్రూల తలల మీద నేను చేయని గీతలు. నా స్క్రూడ్రైవరు అలా జారదు. ఎవరో మొద్దుబారిన దానితో విప్పి మళ్ళీ బిగించారు.

"నరసింహులూ, దీని మీద ఇంగొకరి చెయ్యి పడింది," అన్నాను.

"ల్యాదన్నా."

"యర్రగుంట్లలో ఎవురికన్నా చూపిచ్చినావా?"

"ఒట్టన్నా, ల్యాదు."

"మరి ఈ గీతలు యాడివి?"

అతడు నేల చూపులు చూశాడు. ఖాదర్ వలీ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏందప్పా సుబ్బయ్యా, పెండ్లాన్ని నిలదీసినట్ల నిలదీస్తాండావు? బండేమన్నా నీ పేరు పచ్చబొట్టు పొడిపిచ్చుకుందా?"

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నరసింహులు నవ్వలేదు. అతడు అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు. ఎందుకు చెబుతున్నాడో తెలియదు. కంపెనీ సర్వీసు సెంటర్లో అయితే ఇన్ని ప్రశ్నలు ఉండవు. డబ్బా మొత్తం తీసేసి కొత్తది బిగించి పంపుతారు. అందులో తప్పు లేదు. కానీ ఈ బండికి కొత్త డబ్బా వేసినా రెండు వారాలకు అదీ కారి ఉండేది.

నువ్వు కట్టిన బ్రేకు మీద నువ్వు కూర్చో

మా అంగట్లో ఒక పద్ధతి ఉండేది. బ్రేకు బాగు చేసినవాడే బండి నడపాలి. బండి యజమాని వెనక కూర్చోవాలి. అలా పెన్న బ్రిడ్జి దాకా పోవాలి. పోయేదారిలో కనీసం ఒకసారి, యజమానికి చెప్పకుండా, గట్టిగా బ్రేకు పట్టాలి. అక్కడ బండి అప్పగించాలి. ఖాదర్ వలీ తన పాత మోపెడ్ మీద వెనకే వచ్చి మెకానిక్‌ను ఎక్కించుకుని తిరిగి వచ్చేవాడు. "నువ్వు కట్టిన బ్రేకు మీద ముందు నువ్వు కూచో. పడితే ఇద్దరూ పడతారు, అప్పుడు న్యాయంగా ఉంటాది," అనేవాడు. కొత్తగా చేరిన మెకానిక్‌లకు ఈ పద్ధతి పని నేర్పినంత బాగా నేను నేర్పలేదు.

ఆ రోజు మూడోసారి అంతా విప్పి, తుడిచి, రబ్బరు మార్చి, కొత్త ఆయిలు పోసి, కిందనుంచి గాలి తీసి, మూత బిగించాను. లివరు రాయిలాగా ఉంది. నరసింహులును వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. బ్రిడ్జి దగ్గర ఆపబోతే ఖాదర్ వలీ మోపెడ్ మీదనే చెయ్యి ఊపాడు.

"పోనీ పోనీ. ఊరి దాకా పోదాం."

"ఎందుకు మామా అంత దూరం?" నరసింహులు గొంతు మారింది. "నేను పోతాలే. మీకు పనుంటాది."

"మీయమ్మ సంగటి బాగా చేస్తాదని అప్పుడెప్పుడో చెప్తివి గదా. చూద్దాం పా."

నరసింహులు ఎన్నడూ అలా చెప్పలేదు. అయినా కాదనలేడు. వాళ్ళమ్మ సంగటి బాగా చేయదని ఏ కొడుకు చెబుతాడు?

చిలమకూరులో

నరసింహులు తల్లి నాగమ్మ వాకిట్లోనే ఉంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా. కొడుకును చూడకుండా ముందు బండిని చూసింది. ట్యాంకు మీది బొబ్బలను చేత్తో తడిమి, "ఎవురి కండ్లో పడినాయి నాయనా దీని మింద," అంది. జ్యోతి లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మేం కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే మా ముందు సంగటి పెట్టింది.

"అమ్మా, ఇప్పుడొద్దులే, తర్వాత," అన్నాడు నరసింహులు.

"తర్వాతేంది? మంగళవారం. కట్టకుండా బండి వాకిట్లో నిలబెడతారా?"

ఆమె లోపలికి పోయి ఒక పళ్ళెం, ఒక స్క్రూడ్రైవరు తెచ్చింది. స్క్రూడ్రైవరు కొన పారలాగా మొద్దుబారి ఉంది. నేను దాన్ని గుర్తుపట్టాను, అంటే దాని గీతలను గుర్తుపట్టాను. పళ్ళెంలో మూడు నిమ్మకాయలు, చుట్టూ పచ్చిమిరపకాయలు, అన్నీ ఇనుప తీగకు గుచ్చి ఉన్నాయి.

"విప్పురా," అంది.

నరసింహులు నా ముఖం చూడకుండా బండి దగ్గరికి పోయి, నేను రెండు గంటల ముందు బిగించిన మూత స్క్రూలు వదులు చేశాడు. నాగమ్మ తీగ కొసను మూత కిందకు, సరిగ్గా రబ్బరు అంచు మీదకు దూర్చింది. అతడు మళ్ళీ బిగించాడు. మూడు నిమ్మకాయలూ బ్రేకు డబ్బాకు వేలాడుతూ నిలబడ్డాయి.

ఖాదర్ వలీ సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగి, "చెనక్కాయల చట్నీ శానా బాగుంది, వేసుకో," అన్నాడు.

కథ అంతా అప్పుడు బయటికి వచ్చింది. బండి కొన్నప్పుడు అందరిలాగే హ్యాండిలుకు ఒక నిమ్మకాయ దారంతో కట్టారు. గతుకుల్లో అది తెగి పడింది. దిష్టి నిమ్మకాయ తనంతట తాను తెగి పడటం మంచిది కాదని నాగమ్మ దాన్ని తీగకు మార్చింది. తీగ జారకుండా మూత కింద పెట్టించింది. ఆ తీగ మందానికి మూత ఒక పక్క లేచింది. ఆయిలు తీగ వెంట కిందికి దిగి నిమ్మకాయకు చేరింది. హ్యాండిలు తిరిగినప్పుడల్లా, గతుకు వచ్చినప్పుడల్లా నిమ్మకాయ ఊగి ట్యాంకు మీద ఆయిలు చల్లింది. పన్నీరు రహస్యం అది. రంగు ఊడింది. రంగు ఊడటం చూసి నాగమ్మ దిష్టి బలంగా ఉందని రెండు నిమ్మకాయలు కట్టింది. బరువు పెరిగిందని తీగ లావుది వేసింది. మూత ఇంకా లేచింది. రంగు ఇంకా ఊడింది. ఇప్పుడు మూడు.

కట్టిన నిమ్మకాయను బయటివాళ్ళు ముట్టుకోకూడదు. అందుకని బండిని మా దగ్గరికి పంపేముందు ప్రతిసారీ తీసేసి, బండి కడిగి పంపేది. ఇంటికి రాగానే కొత్తవి కట్టేది. మేం ఎన్నిసార్లు చూసినా ఏం కనిపిస్తుంది?

"నాకెందుకు చెప్పలేదు నరసింహులూ?" అన్నాను.

"చెప్తే నగుతావు గదన్నా," అన్నాడు. "ఆపొద్దు కలమల్ల ఆయప్ప బండికి గవ్వలు కట్టుకుంటే అంగట్లో అందర్నీ పిలిచి చూపిచ్చి నగితివి గదా. పేపర్లో ఏందో చదివి కూడా వినిపిస్తివి."

ఇది ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సిన మాట. మెకానిక్‌కు కావాల్సిన మొదటి పనిముట్టు బండి యజమాని చెప్పే నిజం. మనం నవ్వే రకం అని తెలిస్తే అది మన చేతికి రాదు. తర్వాత ఎన్ని స్పానర్లు ఉన్నా మిగతా సగం పనే చేస్తాం.

పొయ్యి, వాకిలి

తెలుసుకున్నాను కదా అని వెంటనే మారిపోలేదు. చెయ్యి కడుక్కుని లేచి నాగమ్మకు వివరంగా చెప్పాను. మూత, రబ్బరు, తీగ, గాలి, లివరు. రంగు ఊడింది దిష్టి వల్ల కాదు, ఈ నిమ్మకాయల వల్లే అన్నాను. కోడలు ఎక్కే బండి అమ్మా ఇది, నిన్న ట్రాక్టరు కింద పడేవాళ్ళు అని కూడా అన్నాను.

ఆమె అంతా విన్నది. "దిష్టి తీసే నిమ్మకాయే దిష్టంటావా నాయనా?" అంది. "ట్రాక్టరు కింద పడకుండా ఆపింది మరి ఎవురు? నీ బ్రేకా? అది పట్టలేదని నువ్వే అంటాండావు."

నేను మళ్ళీ రబ్బరు దగ్గర నుంచి మొదలుపెట్టబోయాను.

జ్యోతి గడపలో నిలబడి ఉంది. శుక్రవారం మళ్ళీ ఆసుపత్రికి పోవాలి. నిమ్మకాయలు ఉంటే బ్రేకు ఉండదు. నిమ్మకాయలు లేకపోతే అత్త బండి కదలనివ్వదు.

ఖాదర్ వలీ తీరిగ్గా చెయ్యి కడుక్కున్నాడు. తలెత్తి ఇంటి ముందువైపు చూశాడు. "అక్కా, ఆ గుమ్మడికాయ ఎప్పుడు కట్టినారు?"

"మొన్న అమాసకు, సాయిబన్నా."

"మంచి పెద్దకాయ. వాకిలికి ఎందుకు కట్టినావు? పొయ్యి మింద కట్టకపోతివి."

"పొయ్యి మింద ఎవురన్నా కడతారా?"

"ఏం? ఇంట్లో అందురూ తినేది ఆడ్నుంచే గదా. దిష్టి తగిలితే ఆడ్నే తగలాల."

"బయట్నుంచి వచ్చేదాన్ని బయటే ఆపాల గానీ లోపలికి రానిచ్చి పొయ్యి కాడ ఆపుతారా? నీకు తెలీదులే సాయిబన్నా."

"నాకు తెలీదు, నిజమే," అన్నాడు ఖాదర్ వలీ. "బండి సంగతి తెలుసు. బండికి ముందర లైటు ఉంది చూడు, అది వాకిలి. ఈ డబ్బా పొయ్యి. నువ్వు ఇన్నాళ్ళూ పొయ్యి మింద కడతాండావు."

నాగమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. లైటు ముందు నిలబడి చూసింది. డబ్బా దగ్గర నిలబడి చూసింది. నేను చెప్పిందానికంటే ఆయన చెప్పింది తక్కువ నిజమేమీ కాదు. నేను నా భాషలో చెప్పాను, ఆయన ఆమె భాషలో చెప్పాడు. ఇది అప్పట్లో ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేకపోయింది.

"ఇంతమంది మెకానిక్కులు ఉండి ఈ మాట ముందే చెప్పరాదా?" అని ఆమె నన్ను చూసి అంది. తర్వాత తీగ ఊడదీయించి పళ్ళెం ఖాదర్ వలీ చేతికి ఇచ్చింది. "నువ్వే కట్టు. ఈ జబ్బు నీ చేత్తో పోవల్ల."

"నేనా? అక్కా, నేను తురకోణ్ణి."

"అందుకే. దర్గాలో తాయెత్తు కట్టేది మాత్రం ఎవురు? కట్టు."

ఖాదర్ వలీ లైటు కింద, ఏ తీగకూ ఏ గొట్టానికీ తగలకుండా, ఒక నిమ్మకాయ దారంతో కట్టాడు. నేను మూత విప్పి రబ్బరు సరిచేసి మళ్ళీ బిగించాను. జ్యోతి లోపలికి పోయి తన పౌడరు డబ్బా తెచ్చి ఇచ్చింది. చల్లి చూశాను. తడవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మోపెడ్ వెనక కూర్చుని, "ఆ పొయ్యి మాట ఎప్పుడు ఆలోచించావు?" అని అడిగాను.

"సంగటి రెండో ముద్దకు," అన్నాడు.

నిమ్మకాయల మెకానిక్

ఆ శుక్రవారం నరసింహులు జ్యోతిని ఆసుపత్రికి తీసుకొచ్చి, పోతూ పోతూ మా అంగడి ముందు ఆగి లివరు నొక్కి చూపించాడు. గట్టిగా ఉంది. తర్వాత ఆమె కాన్పుకు జమ్మలమడుగులో పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. నాగమ్మ దృష్టిలో ఇందులో నా పాత్ర ఏమీ లేదు. అంతా ఖాదర్ వలీ కట్టిన నిమ్మకాయ.

ఆమె ఈ సంగతిని తన దగ్గరే ఉంచుకునే మనిషి కాదు. నెల తిరక్కుండా చిలమకూరు నుంచి సిమెంటు దుమ్ముతో బండ్లు రావడం మొదలైంది. తర్వాత కలమల్ల బూడిద. ఏమైందప్పా అంటే బండికి ఏమీ కాలేదు. "సాయిబు చేత్తో నిమ్మకాయ కట్టిచ్చుకుని పోదామని."

ఖాదర్ వలీ మొదట సిగ్గుపడ్డాడు. మసీదులో ఎవరో అడిగారు కూడా. "నేను కట్టేది నిమ్మకాయ గాదు, వాళ్ళు వచ్చేదానికి ఒక సాకు," అని చెప్పి వచ్చాడు. ఆ మాట అన్నాక ఆయనకే అందులోని ఉపయోగం తెలిసినట్టుంది. మరుసటి రోజు నుంచి ఒక షరతు పెట్టాడు. బ్రేకు చూపించనిదే నిమ్మకాయ కట్టడు.

"బ్రేకు బాగుందిలే మామా, కాయ కట్టు చాలు."

"బ్రేకు చెడిపోయిన బండికి నా కాయ పట్టదప్పా. చెయ్యి మంచిదైతే సరిపోదు, బండి కూడా మంచిదై ఉండాల."

మామూలుగా ఎవరూ బ్రేకు చూపించుకోవడానికి రారు. ఇంజను ఆగితే వస్తారు, లైటు పోతే వస్తారు. బ్రేకు పోయిన సంగతి పడ్డాక తెలుస్తుంది. నిమ్మకాయ పుణ్యమా అని మేం ఎన్ని ఎండిన డబ్బాలు, ఎన్ని అరిగిన రబ్బర్లు, ఎన్ని చెనక్కాయ నూనెలు ముందే పట్టుకున్నామో చెప్పలేను. అంగట్లో పౌడరు డబ్బా పక్కన నిమ్మకాయల బుట్ట చేరింది. టీ అంగడి పెద్దాయన, సోకుల సంగతి మరిచిపోయి, మా యజమాని మంత్రాలు నేర్చుకున్నాడని చెప్పసాగాడు. మంత్రం ఉందో లేదో గానీ కాయ కట్టేటప్పుడు ఆయన పెదవులు కదిలేవి. ఏం చదువుతావని ఒకసారి అడిగాను.

"స్పానరు యాడ పెట్టినానో గుర్తు తెచ్చుకుంటాంటా," అన్నాడు.

నేను అప్పటికి నవ్వడం మానేశాను. బుట్ట ఖాళీ అయితే మార్కెట్టుకు పోయి నిమ్మకాయలు తెచ్చింది నేనే. మంచివి ఏరి తెచ్చేవాణ్ణి. పలచటి తోలువి తొందరగా ఎండిపోతాయి.

చివరి బండి

మోకాళ్ళు వంగక నేను పని మానేశాను. ఖాదర్ వలీ మానలేదు. పోయిన వేసవిలో, మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి కాసేపు పడుకుంటానని అంగట్లోనే పడుకున్నాడు. లేవలేదు. నేను గ్రంథాలయంలో ఉన్నాను. ఎవరో వచ్చి చెప్పారు. చదువుతున్న పుస్తకం అక్కడే వదిలి వచ్చాను. తర్వాత మళ్ళీ దాన్ని తీయలేదు.

అంగడి ఇప్పుడు ఆయన అల్లుడు చూసుకుంటున్నాడు. బాగా చేస్తాడు. బ్రేకులో గాలి తీయడానికి మిషను కొన్నాడు. నేను అప్పుడప్పుడూ పోయి బల్ల మీద కూర్చుంటాను. ఎవరికీ సలహాలు ఇవ్వను.

వానలు మొదలయ్యాక ఒకరోజు నరసింహులు కొత్త స్కూటరు తోలుకుని వచ్చాడు. వెనక నాగమ్మ. ఆమె ఒడిలో గుడ్డ సంచి. వాళ్ళకు తెలియదు.

"సాయిబన్న యాడ?" అంది దిగుతూనే.

చెప్పాను. ఆమె వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. అల్లుడు టీ తెప్పించాడు. తాగింది. సంచిలో నిమ్మకాయలు పైకి కనబడుతున్నాయి.

"నేను కడతానమ్మా," అన్నాను. "యాడ కట్టాల్నో నాకు తెలుసు."

ఆమె నా చేతులు చూసింది. "నీది పుస్తకాల చెయ్యి నాయనా. పట్టదు," అంది. అందులో కోపం లేదు. "పోనీలే. ఇవి చిత్రాన్నానికి వస్తాయి."

అయితే స్కూటరు దగ్గర ఆగింది. "బ్రేకు చూడు," అంది.

వంగలేక వంగి చూశాను. మూత సరిగ్గా ఉంది, ఆయిలు గీత దాకా ఉంది. అల్లుడిని పౌడరు అడిగితే అంగట్లో లేదన్నాడు. లివరు నొక్కి పట్టుకుని చూశాను. గట్టిగా ఉంది. బాగుందమ్మా అన్నాను. నాగమ్మ సంచి ఒడిలో పెట్టుకుని ఎక్కింది. నరసింహులు మెల్లగా తోలుకుపోయాడు.

ఆ అంగట్లో ఇప్పటికీ బ్రేకులు బాగు చేస్తారు. నిమ్మకాయ కట్టరు. బ్రేకు బాగు చేసినవాడు యజమానిని వెనక కూర్చోబెట్టుకుని పెన్న బ్రిడ్జి దాకా పోవడం కూడా ఇప్పుడు లేదు.